విక్టోరియా వుడ్: పాట ముందా, మాట ముందా?

కిన్నెరసాని:

అందరికీ నమస్కారం. బ్రిటిష్ హాస్యం మీద నడిచిన చర్చలో పాతకాపు గారు విక్టోరియా వుడ్‌ను ‘టీవీ హాస్యనటి, మధ్యమధ్యలో పాటలు కూడా పాడేది’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ చర్చను పక్కదారి పట్టించడం ఇష్టం లేక ఈ మాట విడిగా ఎత్తుకుంటున్నాను. నా అభిప్రాయంలో ఆవిడ ముందు పాటలు కట్టిన మనిషి. నాటకం, టీవీ, సినిమా ఏది రాసినా, పియానో ముందు కూర్చుని అక్షరాలు లెక్కపెట్టుకునే అలవాటుతోనే రాశారు. ఇది ఒప్పించాలంటే కొంత జీవితకథ చెప్పక తప్పదు.

ఆవిడ 1953 మే 19న లాంకషైర్‌లోని ప్రెస్ట్‌విచ్‌లో పుట్టారు. నలుగురు పిల్లల్లో ఆఖరి సంతానం. పెరిగింది బరీ పట్టణం దగ్గర బర్టిల్ అనే చోట, గట్టు మీద ఒంటరిగా ఉన్న పెద్ద ఇంట్లో. ఆ ఇంట్లో ఎవరి గది వారిదే, ఎవరి లోకం వారిదే. అందరూ కలిసి కూర్చుని భోంచేసే అలవాటు కూడా ఉండేది కాదు. తండ్రి స్టాన్లీ బీమా పని చేసేవారు. పియానో వాయించేవారు, పాటలూ రాసేవారు. పదిహేనో పుట్టినరోజుకు కూతురికి పియానో కొనిచ్చింది ఆయనే. అంతకుముందు, ఆరేళ్ల వయసులో, ఆవిడ బక్స్‌టన్‌లో జాయిస్ గ్రెన్‌ఫెల్ ప్రదర్శన చూశారు. రంగస్థలం మీద ఒక ఆడమనిషి, పక్కన తోడు పాత్రలు లేకుండా, మాటలతోనూ పాటలతోనూ హాలు మొత్తాన్ని తన గుప్పిట్లో పెట్టుకోగలదని అప్పుడే తెలిసిందని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. ఒంటరి ఇల్లు, పియానో, ఒంటరిగా నిలబడిన గ్రెన్‌ఫెల్: ఈ మూడూ కలిపి చూస్తే ఆవిడ ఏ దారిన వెళ్లబోతున్నారో ముందే అర్థమవుతుంది.

బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో నాటకకళ చదువుతుండగానే 1974లో ‘న్యూ ఫేసెస్’ అనే టీవీ పోటీలో తాను కట్టిన పాటలతో ఒక అంచె గెలిచారు. 1976లో ‘దట్స్ లైఫ్’ అనే బీబీసీ కార్యక్రమంలో అప్పటి సంగతుల మీద పాటలు కట్టి పాడే పని దొరికింది. గడువుకు పాట అందించాలంటే స్ఫూర్తి కోసం ఎదురుచూస్తూ కూర్చోవడానికి లేదు, చేతిపని వచ్చి ఉండాలి. ఆవిడ చేయి తిరిగింది అక్కడే అని నా నమ్మకం.

పాతకాపు:

కిన్నెరసాని గారూ, నన్ను పేరు పెట్టి లాగారు కాబట్టి జవాబు చెప్పాలి. మీరు చెప్పిన సంగతులతో పేచీ లేదు. వాటి నుంచి తేల్చినదానితోనే పేచీ. 1974లో పోటీ గెలిచిన మనిషికి తర్వాత నాలుగేళ్లు దాదాపు పనే లేదు. పియానో పాటలు ఆవిడను ఎక్కడికీ తీసుకుపోలేదు. ఏం చేయాలో తోచని ఒక కొత్తరకం వస్తువును చూసినట్టు నిర్మాతలు ఆవిడను చూశారు: గాయని అందామంటే నవ్విస్తోంది, హాస్యనటి అందామంటే పియానో వదిలి లేవదు.

మలుపు వచ్చింది 1978లో, లండన్ బుష్ థియేటర్‌లో ‘ఇన్ ఎట్ ది డెత్’ అనే ప్రదర్శన కోసం ఆవిడ ఒక చిన్న హాస్యసన్నివేశం రాసినప్పుడు. అది పాట కాదు, సంభాషణ. అందులో నటించింది జూలీ వాల్టర్స్. వాళ్లిద్దరూ అంతకు ఏడేళ్ల ముందే ఒకసారి కలుసుకున్నారు. 1971లో మాంచెస్టర్ పాలిటెక్నిక్ నాటక విభాగంలో సీటు కోసం వుడ్ పరీక్షకు వెళ్లినప్పుడు, వచ్చినవాళ్లకు దారి చూపే విద్యార్థినిగా అక్కడ తిరిగింది వాల్టర్సే. నర్సుగా పనిచేసి వచ్చిన ఆవిడ ఆ అనుభవాలను అభినయించి చెబుతుంటే అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారట. వుడ్‌కు సీటు రాలేదు. అదే స్నేహం 1978లో మళ్లీ చిగురించి, తర్వాతి ముప్పై ఏళ్ల పనికి పునాది అయింది. ఆ ఏడాదే షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్ ‘టాలెంట్’ నాటకం రాయించుకుంది. 1979లో గ్రనాడా టీవీ దాన్ని తెరకెక్కించింది. ఇందులో పాట ఎక్కడుంది? తన గొంతుకు కాక ఇంకొకరి గొంతుకు మాటలు రాయడం వచ్చిన రోజే ఆవిడ విక్టోరియా వుడ్ అయ్యారు.

ఇంకొక్క మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఆవిడకు మంచి సంపాదకుడి అవసరం ఉండేది. గ్రనాడాలో ఆ పాత్ర పోషించిన పీటర్ ఎకర్స్‌లీ 1981లో చనిపోయాక వచ్చిన ‘వుడ్ అండ్ వాల్టర్స్’ వరుస అంతంతమాత్రంగానే ఉంటుంది.

కిన్నెరసాని:

‘టాలెంట్’లో పాట ఎక్కడుంది అన్నారు. నాటకం నిండా ఉన్నాయండీ. క్లబ్బులో పాటల పోటీకి వచ్చిన అమ్మాయి కథ అది! పోటీ పిచ్చి ఎలా ఉంటుందో, తెర వెనక గదిలో కూర్చుంటే కడుపులో ఎలా తిప్పుతుందో తెలిసిన మనిషి రాసిన నాటకం. ‘న్యూ ఫేసెస్’ లేకపోతే ‘టాలెంట్’ లేదు.

ఎకర్స్‌లీ గురించి మీతో ఏకీభవిస్తాను.

లాంకషైర్ తెలుగు:

ఈ వేదికలో ఎప్పుడూ చదవడమే తప్ప రాసినది తక్కువ. పదకొండేళ్లుగా రాచ్‌డేల్ పక్కన ఉంటున్నాను. వుడ్ చిన్నప్పుడు నాటకాల శిక్షణకు వచ్చిన యువనాటక కేంద్రం ఈ ఊరిదే. పాటా మాటా అన్న తగువులో తలదూర్చను. ఇక్కడి వాళ్లు ఆవిడను ఎలా గుర్తుపెట్టుకున్నారో మాత్రం చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో, నాకూ నా స్నేహితురాలికీ కలిపి రెండు సూపులు అడిగాను. నా వెనక వరుసలో ఉన్న ఇద్దరు పెద్దావిడలు ఒక్కసారిగా నడుములు వంచి, చేతులు వణికిస్తూ, ముసలి గొంతుతో నా మాటనే తిప్పి చెప్పి పగలబడి నవ్వారు. నా యాసను వెక్కిరిస్తున్నారేమో అనుకుని రెండు రోజులు ముఖం ముడుచుకున్నాను. తర్వాత వాళ్లే పిలిచి ఫోన్‌లో ఆ దృశ్యం చూపించారు. ‘విక్టోరియా వుడ్ యాజ్ సీన్ ఆన్ టీవీ’ అనే ఆవిడ టీవీ హాస్య కార్యక్రమంలోది అది. హోటల్లో ఒక జంట తొందరలో ఉంటుంది. జూలీ వాల్టర్స్ వేసిన ముసలి వడ్డన మనిషి వాళ్ల దగ్గరికి అడుగులో అడుగు వేసుకుంటూ వస్తుంది, చెప్పింది మరిచిపోతుంది, మళ్లీ అడుగుతుంది, మళ్లీ వెళుతుంది. చివరికి సూపు గిన్నెలు పట్టుకుని బయలుదేరితే, బల్ల చేరేసరికి అందులో సూపు ఉండదు. చూస్తున్నంతసేపూ నవ్వు ఆపుకోలేకపోయాను. ముసలితనాన్ని ఎగతాళి చేయడం కాదది. ఆ వడ్డన మనిషి ముఖంలో ఎంత నిజాయితీ ఉంటుందంటే, విసుక్కుంటున్న ఆ జంట మీదే మనకు కోపం వస్తుంది.

ఇంకొకటి. క్యాంటీన్ ఆడవాళ్ల మీద ఆవిడ రాసిన టీవీ హాస్య సీరియల్ ‘డిన్నర్‌లేడీస్’ పేరు చూసి రాత్రి భోజనం అనుకునేవాళ్లు ఉంటారు. ఉత్తర ఇంగ్లండ్ మామూలు ఇళ్లలో మధ్యాహ్న భోజనాన్నే డిన్నర్ అంటారు, సాయంత్రం తినేది టీ. దక్షిణాది మర్యాదస్థుల ఇళ్లలో ఈ లెక్క మారిపోతుంది. ఆ పేరుతోనే ఆవిడ తాను ఎవరి పక్షమో చెప్పేశారు.

ప్రాసభిక్షువు:

లాంకషైర్ తెలుగు గారి సూపు కథ చదివాక కాసేపు నవ్వుకుని, ఇప్పుడు నా అసలు ఊరికి వస్తున్నాను. పాటల గురించి ఇంత వాదన జరుగుతూ ఒక్క పాటనైనా ఎవరూ విప్పి చూడలేదు. ‘బారీ అండ్ ఫ్రీడా’ పాటనే తీసుకుందాం. 1986లో టీవీలో మొదటిసారి వచ్చింది. దీనికి ‘లెట్స్ డూ ఇట్’ అన్న రెండో పేరు ఉండడం వల్ల 1928 నాటి కోల్ పోర్టర్ పాటతో తికమకపడేవారున్నారు. రెండింటికీ సంబంధం లేదు.

కథ రెండు ముక్కల్లో: పెళ్లయి చాలా ఏళ్లయిన జంట. ఒక రాత్రి భార్యకు భర్త మీద మనసవుతుంది. భర్తకు భయం పట్టుకుంటుంది. ఒక చరణంలో ఆమె అడుగుతుంది, మరుసటి చరణంలో అతడు సాకు చెబుతాడు. ఆమె కోరిక పెరిగేకొద్దీ అతడి సాకులు మరీ అధ్వానమవుతాయి. మన జానపదుల్లో ఆడామగా సంవాద గీతాలు ఎరిగినవారికి ఈ చట్రం కొత్త కాదు. తేడా సంగీతంలో ఉంది. పాట నడుస్తున్నకొద్దీ శ్రుతి మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతుంది, దానితోపాటు ఆవేశమూ పెరుగుతుంది. ఇక తగ్గుతుంది అనుకున్న చోట ఇంకో మెట్టు ఎక్కుతుంది. వేళ్లు కీల మీద పరుగెడుతూనే ఉండాలి, ఒక్క అక్షరం కూడా నలగకుండా వినబడాలి. అది ఎంత కష్టమో ఎవరైనా హార్మోనియం ముందు కూర్చుని వేగంగా పదాలు పాడి చూస్తే తెలుస్తుంది.

ఇక ప్రాస. మన ప్రాస పాదంలో రెండో అక్షరం మీద కూర్చుంటుంది. అక్కడిది అంత్యప్రాస, అంటే చెవి మొత్తం పాదం చివరికి ఎదురుచూస్తూ ఉంటుంది. వుడ్ గొప్పతనమంతా ఆ చివరి స్థానంలో ఏం పెట్టాలో తెలియడంలో ఉంది. శృంగారం పతాక స్థాయికి చేరిందనుకున్న క్షణాన అక్కడ వచ్చి పడేది పువ్వో వెన్నెలో కాదు, ‘వుమన్స్ వీక్లీ’. కుట్లూ అల్లికలూ వంటలూ ఉండే, బ్రిటన్‌లో అమ్మమ్మలు చదివే పత్రిక. ఫ్రీడా దాన్ని ఏ పనికి వాడమంటుందో సభామర్యాద దృష్ట్యా ఇక్కడ రాయను. ఆ స్థానంలో ‘ఒక పత్రిక’ అని ఉంటే ఎవరూ నవ్వరు. మరో పత్రిక పేరు పెట్టినా సగమే నవ్వుతారు. ఆ పేరులోని వకారాలూ, చివర తేలిగ్గా జారిపోయే ‘లీ’ కూడా కలిసి పనిచేస్తాయి. మంచి కవి పదాన్ని తూచినట్టు ఆవిడ సరుకుల పేర్లను తూచారు.

పాతకాపు:

ప్రాసభిక్షువు గారూ, చాలా బాగా విప్పారు. ఆ పాట గొప్పదని నేను ఎన్నడూ కాదనలేదు. కానీ మీరు చెప్పినదే నా వైపు సాక్ష్యంగా వాడుకుంటాను. సరుకు పేరును సరైన చోట పెట్టడం అనే విద్య ఆవిడ సంభాషణల్లో ఇంకా బాగా కనబడుతుంది. అందుకు ‘డిన్నర్‌లేడీస్’ చూడండి. 1998 నుంచి 2000 వరకు, రెండు వరుసలుగా పదహారే భాగాలు. మాంచెస్టర్‌లో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్, దాదాపు ఆ ఒక్క గదిలోనే కథంతా. రొట్టెలు కాల్చుతూ, టమాటాలు కోస్తూ, ఆడవాళ్లు తమ శరీరాల గురించీ మొగుళ్ల గురించీ చావుల గురించీ మాట్లాడుకుంటారు. వుడ్ తనకు పెట్టుకున్న బ్రెన్ పాత్రకు పెద్ద హాస్యమే ఉండదు. మంచి వాక్యాలన్నీ తక్కినవాళ్లకు పంచేశారు. జీన్‌గా ఆన్ రీడ్, డాలీగా థెల్మా బార్లో, అప్పటికి కొత్త ముఖమైన మాక్సీన్ పీక్, అనీటాగా ఓల్డమ్‌లో పుట్టిన శోభ్నా గులాటీ. అనీటా భారతీయ సంతతి అమ్మాయి అయినా, ఆమె అమాయకత్వాన్ని చూసి నవ్వుతాం కానీ ఆమె జాతిని చూసి కాదు. ఆ కాలపు టీవీలో ఇది చిన్న విషయం కాదు.

దాన్ని తీసిన పద్ధతి చూడండి. ప్రతి భాగాన్నీ శుక్రవారం ఒకసారి, శనివారం మరోసారి, వేర్వేరు ప్రేక్షకుల ముందు చిత్రీకరించేవారు. శుక్రవారం నవ్వు ఎక్కడ రాలేదో గమనించి, రాత్రికి రాత్రి తిరగరాసి, మర్నాడు నటులకు కొత్త మాటలు ఇచ్చేవారు. పాపం ఆ నటులు! ఇది నాటకరచయిత చేసే పని. పాట కట్టే మనిషి చేసేది కాదు.

కిన్నెరసాని:

అదే పాట కట్టే మనిషి చేసేది! ఆవిడతో పనిచేసినవారందరూ చెప్పే మాట ఒకటుంది: రాసిన మాటను రాసినట్టే పలకాలి, ‘కానీ’ ఉన్నచోట ‘అయితే’ అనడానికి వీల్లేదు. భావం అదే కదా అంటే ఒప్పుకునేవారు కాదు. భావం కోసం కాదు, లయ కోసం. ఒక్క అక్షరం ఎక్కువైతే నవ్వు జారిపోతుందని ఆవిడ చెవికి తెలుసు. పియానో మూసేసినా చెవి మూతపడదు. ‘డిన్నర్‌లేడీస్’ మొదట్లో వినబడే సంగీతం కూడా ఆవిడదే అని గుర్తుచేస్తున్నాను.

మరో ఉదాహరణ. ‘యాజ్ సీన్ ఆన్ టీవీ’లో ‘ఏకార్న్ యాంటీక్స్’ అని ఒక ఉత్తుత్తి సీరియల్ వచ్చేది. ఊగే గోడలు, ముందే మొదలై తర్వాత ఆగే కెమెరా, ఎవరి మాట ఎప్పుడు చెప్పాలో మరిచిన నటులు. తలాతోకా లేని ధారావాహికలు చూసి పెరిగిన మనవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 2005లో, ఆవిడ దాన్ని లండన్‌లోని థియేటర్ రాయల్ హేమార్కెట్‌లో సంగీత నాటకంగా మార్చారు. దర్శకుడు ట్రెవర్ నన్. పాత హాస్యాన్ని మళ్లీ చేయాలనిపించినప్పుడు ఆవిడ చేయి వెళ్లింది పాటల వైపే.

మూడో గంట:

నాటకాలవాడిని కాబట్టి రెండు పక్షాలూ వదిలేసిన సంగతులు కొన్ని చెబుతాను.

మొదటిది, హాలు. 1993లో ఆవిడ లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో వరుసగా 15 రాత్రులు, ఖాళీ కుర్చీ లేకుండా, ఒంటరిగా నిలబడి ప్రదర్శన ఇచ్చారు. సుమారు ఐదువేల మంది పట్టే ఆ గుండ్రటి హాలు హాస్యం కోసం కట్టింది కాదు. నవ్వు ఒక వైపు నుంచి మరో వైపుకు చేరేలోపే తర్వాతి మాట వచ్చేస్తుంది. అక్కడ నిలవాలంటే పాటైనా మాటైనా ఊపిరి లెక్క తెలియాలి. మీ తగువుకు నా తీర్పు అదే.

రెండోది, నవ్వే లేని పని. 2006లో ఐటీవీలో వచ్చిన ‘హౌస్‌వైఫ్, 49’. యుద్ధకాలంలో మామూలు జనం చేత డైరీలు రాయించిన ‘మాస్ అబ్జర్వేషన్’ అనే సంస్థ 1937లో మొదలైంది. దానికి బారో-ఇన్-ఫర్నెస్ ఊరి గృహిణి నెల్లా లాస్ట్ ఏళ్ల తరబడి రాసి పంపిన డైరీల ఆధారంగా వుడ్ ఆ చిత్రం రాసి, నెల్లాగా తానే నటించారు. భర్త ముందు నోరు మెదపడానికి జంకే మనిషి, స్వచ్ఛంద సేవకురాళ్ల కేంద్రంలో పని చేస్తూ చేస్తూ మెల్లగా తల ఎత్తడం మొదలుపెడుతుంది. ఉత్తమ నటి, ఉత్తమ టీవీ చిత్రం (సీరియల్ కాని ఒకే కథ) బాఫ్టా అవార్డులు రెండూ 2007లో దానికే వచ్చాయి. బర్టిల్ గట్టు మీద గదుల్లో విడివిడిగా బతికిన కుటుంబం గురించి కిన్నెరసాని గారు రాసింది చదివాక, ఆ చిత్రంలోని భోజనాల బల్ల దగ్గరి మౌనం నాకు ఇంకోలా అర్థమవుతోంది.

మూడోది మనకు కాస్త దగ్గరిది. 2007లో ఆవిడ విక్టోరియా రాణి పేరు మోస్తున్న చోట్లను వెతుక్కుంటూ బీబీసీ కోసం ప్రపంచం చుట్టివచ్చారు. లండన్ విక్టోరియా స్టేషన్‌లో బయలుదేరి మొదట చేరింది కోల్‌కతాకే. సామ్రాజ్యం గురించి లోతైన పరిశీలన ఆశించి చూస్తే నిరాశే మిగులుతుంది. తన పేరే ఉన్న రాణి మీద చిన్నచిన్న వేళాకోళాలు మాత్రం బాగుంటాయి.

లాంకషైర్ తెలుగు:

మూడో గంట గారూ, మీరు చెప్పిన ‘హౌస్‌వైఫ్, 49’ మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు నాతో కూర్చుని చూశారు. ఆవిడకు ఇంగ్లీషు అంతంతమాత్రం. మధ్యలో నేను అనువాదం చెప్పబోతే వద్దని చేయి ఊపి, చివరిదాకా చూసి, ‘ఆ మొగుడు చెడ్డవాడేం కాదమ్మా, వాడికీ ఎవరూ నేర్పలేదు’ అన్నారు.

విక్టోరియా వుడ్ పోయింది 2016 ఏప్రిల్ 20న, లండన్‌లోని హైగేట్‌లో, క్యాన్సర్‌తో. వయసు 62 ఏళ్లు. జబ్బు సంగతి బయటికి పొక్కనివ్వలేదు కాబట్టి ఇక్కడ అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ మర్నాడు క్యాంటీన్‌లో ఆ పెద్దావిడల్లో ఒకావిడ బల్ల మీద రెండు సూపు గిన్నెలు ఖాళీవి పెట్టి వెళ్లింది. ఎవరూ తీయలేదు, సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి. 2019లో బరీ పట్టణం నడిబొడ్డున వుడ్ కంచు విగ్రహం పెట్టారు. మోర్కాంబ్ ఊరిలో హాస్యనటుడు ఎరిక్ మోర్కాంబ్ విగ్రహం చేసిన గ్రాహమ్ ఇబెసన్ చేసినదే ఇదీను. బరీ సంతకు వెళ్లినప్పుడల్లా ఆగి చూస్తాను.

పాతకాపు:

ఇంతమంది ఇంత చెప్పాక కొంత దిగిరాక తప్పదు. ‘మధ్యమధ్యలో పాటలు కూడా పాడేది’ అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ‘సంభాషణే ఆవిడ శిఖరం’ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను. నవ్వించే పాటలు ఎన్ని చెప్పినా నాది ఇదే మాట. కిన్నెరసాని గారూ, నవ్వు అనే ఊతం లేకుండా నిలబడే పాట ఆవిడది ఒక్కటి చూపించండి, చాలు.

కిన్నెరసాని:

‘లవ్ సాంగ్’ అని ఉంది, వినండి. పేరు చూసి పడుచుజంట అనుకోకండి. పాడేది భర్త పోయిన ఒక పెద్దావిడ. మామూలు రోజుల్లాగే పొద్దున లేచి అతడికి టిఫిన్ చేస్తుంది, చేశాక గుర్తొస్తుంది, తీసి పారేస్తుంది. పాట మొదలయ్యేదే అక్కడ. కష్టమైన పదం ఒక్కటీ లేదు. పియానో కూడా పక్కగదిలో ఎవరో మెల్లగా వాయిస్తున్నట్టు ఉంటుంది. కొన్ని చిన్న చిరునవ్వులు ఉన్నాయి, వాటిని మీరు ఊతం కింద లెక్క కట్టరనుకుంటాను.

ప్రాసభిక్షువు:

అందులో ప్రాస కూడా గమనించండి పాతకాపు గారూ. ‘గుర్తొచ్చింది’ అనే మాటకు ముందు ఆవిడ ఎంతసేపు ఆగుతారో చూడండి.

పాతకాపు:

విన్నాను. రెండుసార్లు. ‘డిన్నర్‌లేడీస్’ మీద ఇంకా రాయాలనుకున్నది రేపు పెడతాను. ఇవాళ్టికి రాయబుద్ధి కావడం లేదు.